ఏ నలుగురిలో?

పిల్లల సామాజిక నైపుణ్యాలను కొలవడం గురించి మదనపల్లెలో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. దాన్ని నేను నోటితో అనలేను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఆయన బడి చెప్పినన్నాళ్ళూ మేమంతా 'అయ్యవారు' అనే పిలిచాం. పెద్దవాళ్ళ పేరు అనకూడదని మమ్మల్ని కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. అయినా ఆరేడేళ్ళకే మాకు తెలుసు. అంగడాయన్ను మామా అనాలి, పాలు పోసే ఆమెను అక్కా అనాలి, గుడి మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఎవరో తెలియకపోయినా తాతా అనాలి. వరస తప్పితే వీపు మీద ఒకటి పడేది. ఎవరి దగ్గర ఎంత చనువు తీసుకోవాలో, బావతో ఆడే పరాచికం చిన్నాయన దగ్గర ఎందుకు ఆడకూడదో తెలిసిన పిల్లవాడికి నలుగురిలో మెలగడం వచ్చినట్టే లెక్క. నేను పాతికేళ్ళుగా పిల్లల్ని పరీక్షించే పనిలో ఉన్నాను. ఈ తెలివికి మార్కు వేసే గడి నా చేతికొచ్చిన ఏ ఫారంలోనూ నాకు కనబడలేదు.

నేను చేసిన తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి. అయ్యవారు ఉండగానే చేశాను, ఆయనే దిద్దారు.

మదనపల్లె దగ్గరి ఒక పల్లె బడిలో ఐదో తరగతి పిల్లవాణ్ణి చూడమని పిలిచారు. వాడు ఎవరితోనూ మాట్లాడడనీ, ఏమడిగినా నేలచూపులే చూస్తాడనీ ఫిర్యాదు. హెడ్మాస్టరు గదిలో బల్లకు అటు నేను, ఇటు వాడు. ఫారంలో ఉన్నవి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. తనంతట తాను మాట కలుపుతాడా? కలపలేదు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తాడా? చూడలేదు. తన ఇష్టం చెబుతాడా? 'నీకేమంటే ఇష్టం?' అంటే చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. దాదాపు ప్రతి గడిలోనూ తక్కువ మార్కు వేసి, చివర 'సామాజిక నైపుణ్యాల్లో బాగా వెనకబడి ఉన్నాడు' అని రాసి సంతకం పెట్టాను.

అయ్యవారు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాటా అనలేదు. 'రేపు పొద్దున్నే టమోటా మార్కెట్టుకు రా' అన్నారు.

మదనపల్లె టమోటా మార్కెట్టు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు బడికి సెలవు. మండీ ముందు దించిన క్రేట్ల పక్కన ఆ పిల్లవాడే నిలబడి ఉన్నాడు, చేతిలో చీటీ పట్టుకుని. వాళ్ళ నాయన టీ తాగడానికి పోయాడు. హమాలీ ఒకాయన పొరపాటున పక్క వరసలోంచి క్రేటు లాగబోతే 'మామా, అది పక్కోళ్ళది' అన్నాడు, ఆయనకు తప్ప ఇంకొకరికి వినబడనంత మెల్లగా. ఎవరో ముసలామె తన సరుకు దించుకోవడానికి చోటు లేక తిప్పలు పడుతుంటే రెండు క్రేట్లు పైకి పేర్చి చోటు చేశాడు. ఆమె ఏమీ అనలేదు, వాడూ ఏమీ ఆశించలేదు. ఇంతలో మండీ మనిషి వచ్చి వేలం మొదలుపెడతానన్నాడు. పిల్లవాడు తల ఎత్తలేదు. క్రేట్ల వంకే చూస్తూ, 'నాయన ఇప్పుడొచ్చేస్తాడు. వచ్చినాంక పాడుదురులే అన్నా' అన్నాడు. ఆ మనిషి ఒక్క క్షణం ఆగి పక్క కుప్ప దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దవాడు ఒక పని చేయబోతుంటే ఎదిరించకుండా, లొంగిపోకుండా ఆపడం ఎంత కష్టమో మనలో చాలామందికి అనుభవమే. పదేళ్ళ పిల్లవాడు నేల చూస్తూనే ఆ పని చేశాడు. ముందురోజు నా ఎదుట కూర్చోకపోవడం, కళ్ళెత్తకపోవడం, అడిగినదానికి వెంటనే 'నాకిది ఇష్టం' అనకపోవడం అన్నీ వాళ్ళింట్లో నేర్పిన మర్యాదలే. నేను వాటిని లోపాలుగా రాశాను. అయ్యవారు జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. 'ఒంగోలు గిత్తను కొలిచిన కర్రతో పుంగనూరు ఆవును కొలిస్తే గిడసబారిందనే రాస్తావు' అన్నారు. ఆ ఆవు జాతే అంత అని, దానికి రోగమేమీ లేదని ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఫారం మళ్ళీ నింపాను.

మేం వాడే కొలబద్దలు ఎక్కడ పుట్టాయో కొంచెం చెబుతాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ బడి ఉండేది. అక్కడ పనిచేసిన ఎడ్గర్ డాల్ 1935లో ఒక కొలబద్ద తయారుచేశాడు. తెలివితేటల పరీక్షలో వచ్చిన అంకె ఒక్కటే చూసి మనిషిని మందబుద్ధి అనడం అన్యాయమని, తన పనులు తాను ఎలా చేసుకుంటున్నాడో, పదిమందిలో ఎలా నెగ్గుకొస్తున్నాడో చూడాలని ఆయన పట్టుబట్టాడు. ఆ ఆలోచన గొప్పది, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన రాసిన 117 అంశాల్లో మంచు మీద జారే బండి వాడకం ఉంది. క్రిస్మస్ తాత నిజంగా ఉంటాడన్న నమ్మకం పోవడం కూడా ఒక అంశమే. ఆ ఊరి పిల్లలకు అవి సరైన గుర్తులు. నాగపూరులో ఎ.జె. మాలిన్ దాన్ని మన దేశానికి సరిపడేలా తిరగరాసి, 15 ఏళ్ళ దాకా 89 అంశాలుగా కుదించాడు. మానసిక వైకల్యం సర్టిఫికెట్ల కోసం మనం ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చింది ఆ నాగపూరు కొలబద్దనే. తర్వాత 1983లో మాట్సన్ బృందం, 1990లో గ్రెషమ్, ఎలియట్ చేసిన కొలబద్దలు బడి పిల్లల కోసం వచ్చాయి. అవి ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి.

ఒక కొలబద్దను తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదట తర్జుమా చేస్తారు. దాన్ని ఇంకొకరిచేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, మూలంతో పోల్చి చూస్తారు. మాట సరిపోయిందా లేదా అన్నది దీనితో తేలుతుంది. బరువు సరిపోయిందా అన్నది తేలదు. 'సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెబుతాడా' అన్న వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మన ఇళ్ళలో అన్నం పెట్టిన అమ్మకు థాంక్స్ చెప్పే పిల్లవాడు ఎక్కడున్నాడు? చెబితే 'ఏంరా, నేను పరాయిదాన్నా?' అంటుంది. అదే పిల్లవాడు గడప దాటేటప్పుడు 'పోతున్నా' అంటే మాత్రం ఊరుకోదు. 'పోయొస్తా అను' అని దిద్దుతుంది. అలాగే 'అనవసరమైన కోరికలను నిరాకరించగలడా' అని ఒక ప్రశ్న ఉంటుంది. మన పిల్లవాడు పెద్దవాళ్ళతో 'చెయ్యను' అనడు. 'అమ్మనడిగి చెప్తా' అంటాడు. లేదా 'ఊఁ' అంటాడు, ఆ ఊఁ ఎంత సాగిందో విన్నవాళ్ళకు తెలిసిపోతుంది, వీడు చెయ్యడని. అవతలివాడి ముఖం చిన్నబోకుండా కాదనడం ఇది. ఫారం నింపే మనిషికి ఈ యాస తెలియకపోతే అక్కడ సున్నా పడుతుంది.

సిన్యిన్ చెన్ అనే పరిశోధకుడు షాంఘై బడుల్లో చేసిన పని ఈ సందర్భంలో నాకు పదేపదే గుర్తొస్తుంది. నెమ్మదస్తులు, బిడియస్తులు అయిన పిల్లలు కెనడాలో తోటివాళ్ళ మధ్య ఒంటరివాళ్ళయితే, 1990లో షాంఘైలో అలాంటి పిల్లలనే తోటివాళ్ళు ఇష్టపడ్డారు, ఉపాధ్యాయులు మెచ్చుకున్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోతే 'మన సంస్కృతి వేరు, వాళ్ళది వేరు' అని తృప్తి పడేవాళ్ళం. చెన్ మళ్ళీ 1998లో, 2002లో అదే నగరంలో కొత్త పిల్లల్ని చూశాడు. 2002 నాటికి అక్కడా బిడియస్తుణ్ణి తోటివాళ్ళు పక్కకు పెట్టడం మొదలైంది. పన్నెండేళ్ళలో ఒక ఊరు తన పిల్లల్నుంచి కోరుకునేది మార్చుకుంది. బజారు మారింది, ఉద్యోగాలు మారాయి, వాటితోపాటు 'మంచి పిల్లవాడు' అన్న మాటకు అర్థం కూడా. మదనపల్లెలో ఇవాళ ఇంజనీరింగ్ కాలేజీ ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న కుర్రాడు, ఇంటికెళ్ళి తాత ఎదుట నిలబడే కుర్రాడు ఒక్కడే. ఆ రెండు చోట్లా వాడు రెండు రకాలుగా ఉండాలి. అలా మారగలగడం కూడా నైపుణ్యమేనని నా నమ్మకం.

ఆఫ్రికాలో జాంబియా దేశపు తూర్పున చేవా ప్రజల మధ్య రాబర్ట్ సెర్పెల్ ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయన బొమ్మలు, లెక్కలతో సరిపెట్టుకోలేదు. ఫలానా పని పడితే ఈ పిల్లల్లో ఎవర్ని పంపుతారు, ఎందుకు అని ఊరి పెద్దవాళ్ళను అడిగాడు. తెలివికి వాళ్ళ మాట 'న్జేలు'. అందులో చురుకుదనం ఉంది, దానితోపాటు 'పంపితే నమ్మకంగా చేసుకొచ్చేతనం' కూడా ఉంది. రెండోది లేని చురుకుదనానికి వాళ్ళ దృష్టిలో పెద్ద విలువ లేదు. బడి పరీక్షల మార్కులకూ ఊరివాళ్ళ అంచనాకూ పెద్దగా పొంతన కుదరలేదు. ఇది చదివిన రోజు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఇంటినిండా మనవళ్ళున్నా అంగడికి పంపాలంటే ఆమె ఒక్కడినే పిలిచేది. ఎందుకని అడిగితే, 'వాడైతే చిల్లర తెస్తాడు, దారిలో ఎవరేమన్నా అడిగితే ఇంటి గుట్టు చెప్పడు' అనేది. నేను పిలవబడిన వాణ్ణి కాదు.

అప్పటినుంచీ మా ఫారంతోపాటు ఆ ప్రశ్న కూడా అడుగుతున్నాను. 'పని చెప్పి పంపాలంటే మీ వీధిలో ఎవర్ని పంపుతారు?' అని అడిగితే పుంగనూరు పల్లెల్లో ఏ అవ్వా తడుముకోదు. సుగుటూరు గంగమ్మ జాతరలో ఒకసారి చూశాను. తొమ్మిదేళ్ళ పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, రెండో చేత్తో చెల్లెలి జడ పట్టుకుని జనంలో నడుస్తోంది. తమ్ముడు బూర కోసం ఏడుపు అందుకున్నాడు. ఆ పిల్ల అరవలేదు, కొనివ్వలేదు. వాణ్ణి అమ్మవారి వైపు తిప్పి, 'అమ్మ చూస్తాంది, నవ్వు' అంది. వాడు ఏడుపు ఆపి అటు చూశాడు. ఆ పిల్ల బడి ఫారంలో 'చొరవ లేదు' అనే గడిలో ఉంది. వైటింగ్ దంపతులు ఆరు సమాజాల పిల్లల్ని పోల్చి 1975లో రాసిన పుస్తకంలో, చిన్నపిల్లల బాధ్యత, ఇంటి పని పడిన పిల్లల్లో ఎదుటివారి అవసరం కనిపెట్టి ఆదుకునే గుణం ఎక్కువని గమనించారు. అయితే నేను ఆ పిల్ల భుజం మీది బరువును పొగడటం లేదు. ఆమె ఆడుకోవాల్సిన వయసు అది. ఆ బరువు మోస్తూ ఆమె నేర్చుకున్నది మాత్రం కాగితం మీదికి రావాలి.

కుప్పంలో సమస్య ఇంకో రకం. అక్కడి పిల్లవాడు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కోలారు వైపు మేనత్త వస్తే కన్నడం మాట్లాడతాడు. ఏ మనిషి కనబడితే ఆ భాష నోట్లోకి వస్తుంది. ఎదుటివాడు ఎవరో పసిగట్టి తనను తాను మార్చుకోవడం అంతకన్నా బాగా ఎక్కడ కనబడుతుంది? మనం ఏదో ఒక్క భాషలో ఉన్న ఫారం వాడి ముందు పెట్టి, మాట తడబడితే 'సంభాషణలో వెనకబాటు' అని రాస్తాం. పైగా ఆ ఫారంలో తల్లిదండ్రులు నింపాల్సిన భాగం ఒకటుంటుంది. తండ్రి తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతాడు. అతను చూసే పిల్లవాడు రాత్రి నిద్రపోయిన పిల్లవాడు. పగలంతా వాణ్ణి చూసేది అవ్వ. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఆమెను ఎవరూ అడగరు.

ఎవర్ని అడిగామన్నది చిన్న సంగతి కాదు. 1987లో ఆకెన్‌బాక్, ఆయన తోటివారు 119 అధ్యయనాలను కలిపి చూశారు. ఒకే పిల్లవాడి గురించి ఇద్దరు ఉపాధ్యాయులు చెప్పినవి, లేదా తల్లీ తండ్రీ చెప్పినవి బాగానే కలిశాయి, పొందిక 0.60 దాకా ఉంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల్లా పిల్లవాణ్ణి వేర్వేరు చోట్ల చూసేవాళ్ళ మాటల మధ్య మాత్రం 0.28 దగ్గరే ఆగిపోయింది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని దీనికి అర్థం కాదు. పిల్లవాడు ఇంట్లో ఒకడు, బడిలో ఒకడు. అందుకే ఒక్కరి సంతకంతో ముగిసిన కాగితాన్ని నేనిప్పుడు నమ్మను.

ఈ సంగతి ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, వైకల్యం సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపు బయట బెంచీ మీద కూర్చున్న తల్లికి ఆ కాగితమే ఆధారం. ఆటిజం కొలవడానికి మనం వాడే భారతీయ కొలబద్దను సికింద్రాబాదులోని అప్పటి మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసింది. మన పిల్లల్ని చూసి మనవాళ్ళు చేసుకున్నది, దాని మీద నాకు గౌరవముంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. మొత్తం 70కి తగ్గకుండా వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. చూపు కలపకపోవడం మొదటి అంశాల్లోనే ఉంది. వాడు అమ్మ వంక కూడా చూడడా, లేక కోటు వేసుకున్న డాక్టరు ముందు మాత్రమే తల దించాడా అన్నది ఆ గదిలో ఐదు నిమిషాల్లో తేలదు. 69కీ 71కీ మధ్య ఒక కుటుంబం పింఛను, బడిలో ప్రత్యేక సాయం, అన్నిటికన్నా ముందు 'మా బిడ్డకు ఏమైంది' అన్న ప్రశ్నకు జవాబు ఉన్నాయి. ఇటు తప్పు చేసినా, అటు తప్పు చేసినా నష్టం పిల్లవాడికే.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పిల్లవాణ్ణి ఇంకొక పిల్లవాడితో పోల్చవద్దని ఆయన జీవితమంతా చెప్పారు. నా వృత్తే పోల్చడం. ఈడు పిల్లల సగటు పక్కన పెట్టి చూడకపోతే కొలబద్ద అన్నదే లేదు, అది లేకపోతే సాయం అందాల్సిన బిడ్డకు అందదు. ఈ రెంటి మధ్యా నేను చాలాకాలం నలిగాను. కొంత దారి చూపింది ఆయన స్థాపించిన రిషివ్యాలీ పక్క పల్లె బడులే. 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి గ్రామీణ విద్యాకేంద్రంలో ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు కలిసి చదివే పద్ధతికి రూపమిచ్చారు. పాఠాలు కార్డులుగా విడిపోయి ఉంటాయి, గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఎవరి మెట్టు మీద వాళ్ళుంటారు. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్ళతో, కొన్ని ఒంటరిగా చెయ్యాలి. ఆ పద్ధతే కర్ణాటకలో నలి కలిగా, చెన్నై కార్పొరేషన్ బడుల్లో కార్యకలాప బోధనగా విస్తరించింది.

అక్కడ కూర్చుని చూస్తే నాకు తెలిసొచ్చింది ఇదీ. ఆ గుంపులో పక్కవాడికి చెప్పడం కాపీ కాదు, అది పాఠంలో భాగం. మామూలు తరగతిలో అదే పని చేసిన పిల్లవాణ్ణి నిలబెడతాం. సాయం చేసే సందు లేని గదిలో కూర్చోబెట్టి, 'వీడు సాయం చేస్తాడా?' అని ఫారం నింపడం ఏం న్యాయం? కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ ఆవరణలోనూ ఇదే చూశాను. అక్కడ పిల్లలే పిల్లలకు సైన్సు చెబుతారు. బడిలో నోరు విప్పదని పేరుపడ్డ పిల్ల చేతికి ఒక నమూనా ఇచ్చి బల్ల వెనక నిలబెడితే ఆ వస్తువు ఆమెకు అండగా నిలుస్తుంది. చూపులు వస్తువు మీద, మాట ఎదుటివాళ్ళతో. నేను పక్కనే నిలబడి విన్నాను. తమిళం పిల్లలు రాగానే తమిళంలోకి మారిపోయింది.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి బిడ్డకూ సమగ్ర ప్రగతి పత్రం ఇస్తామంటోంది. పిల్లవాడి మాట, స్నేహితుల మాట, ఉపాధ్యాయుడి మాట అందులో ఉంటాయట. మంచిదే. ఇప్పటిదాకా ఇబ్బంది ఉన్న పిల్లలకే వేసిన ఈ మార్కులు ఇక అందరికీ పడతాయి. కాబట్టి ఇన్నాళ్ళూ చేసిన తప్పులు ఇక అందరి మీదా చెయ్యకూడదు.

ఇంతదాకా నేను మన పద్ధతుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వాటిని ప్రశ్నించాలి. అణకువ మనకు గొప్ప గుణం. కానీ దాన్ని అందరు పిల్లలనుంచీ ఒకేలా అడిగామా? ఊరి పిల్లవాడు పెద్దవాళ్ళ ఎదుట తల దించడం మర్యాద కోసం. వాడ పిల్లవాడు ఊరి పిల్లవాడి ఎదుట కూడా తల దించాలని నేర్పారు, అది భయం వల్ల. ఫారంలో రెండూ 'వినయం' అనే గడిలోనే పడతాయి. వాటిని విడదీయలేని పరీక్షకుడు సంస్కృతి పేరుతో అన్యాయానికి మార్కులు వేస్తున్నట్టు. ఆడపిల్లల విషయంలోనూ అంతే. 'నోరెత్తదు సార్, శానా మంచి పిల్ల' అన్న మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు గుండె ఝల్లుమంటుంది.

పుంగనూరు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో అలాంటి పిల్ల ఉండేది. ఎనిమిదో తరగతి. ఉపాధ్యాయులు ప్రవర్తనలో ఆమెకు అన్నిటా మంచి మార్కులే వేశారు. తల్లి కూడా 'దీంతో మాకే బాధా లేదు' అంది. ఆ తరగతిలో నేను ఇంకో పిల్ల కోసం వెళ్ళాను. జేకబ్ మొరెనో 1934లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రతి బిడ్డకూ ఒక చీటీ ఇచ్చి, ఎవరి పక్కన కూర్చోవాలనుందో ముగ్గురి పేర్లు రహస్యంగా రాయమంటాం. సాయంత్రం చీటీలు పేర్చి చూస్తే ఆ మంచి పిల్ల పేరు ఒక్క చీటీలో కూడా లేదు. ఎవరూ ఆమెను ద్వేషించడం లేదు. ఆమె అక్కడుందని ఎవరికీ తట్టలేదు. ఆమె చీటీలో మాత్రం మూడు పేర్లూ ఉన్నాయి, గుండ్రటి అక్షరాలతో, చాలా శ్రద్ధగా రాసినవి.

ఆమె అణకువ ఎవరికీ అడ్డు రాలేదు కాబట్టి అది ఒంటరితనమని ఎవరికీ తెలియలేదు. నేనూ ఆ చీటీల పద్ధతి వాడకపోయి ఉంటే ఆమె ఫారం మీద అన్నీ మంచి మార్కులతో సంతకం పెట్టి వచ్చేసేవాణ్ణి. క్లాసు టీచరమ్మకు విడిగా చెప్పాను, ఎవరి పేరూ బయటపెట్టకుండా. ఆమె పిల్లల్ని మందలించలేదు, స్నేహంగా ఉండండని ఉపన్యాసమూ ఇవ్వలేదు. బెంచీలు మార్చింది. ఆ పిల్ల రాసిన ముగ్గురిలో ఒకమ్మాయి పక్కన ఆమెను కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి మొక్కల కుండీల పని అప్పగించింది. రోజూ నీళ్ళు పోయడం, ఎత్తు కొలిచి పుస్తకంలో రాయడం.

మూడు నెలల తర్వాత మళ్ళీ చీటీలు పంచాను. ఈసారి ఒకదాంట్లో ఆమె పేరుంది, మూడోదిగా. రాసిన అమ్మాయి ఒత్తు మరిచిపోయింది, పేరు తప్పుగా రాసింది. ఆ చీటీ నేను దాచుకున్నాను.